ఉస్మానియా విశ్వవిద్యాలయము – ఇంటిభాష

హైదరాబాదు నగరమున వేయి యెకరములకు మించిన ప్రదేశమున ఉస్మానియా విశ్వవిద్యాలయము విస్తరించియున్నది. సాహిత్యము, విజ్ఞానశాస్త్రములు, న్యాయము, వాణిజ్యము, యంత్రవిద్య మున్నగునవి యచట నేర్పుచున్నారు. ఉన్న విద్యను బోధించుటయే కాక, పరిశోధనచే క్రొత్త విషయములను కనుగొనుటయు దాని పని. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాలా భవనమును చూచినవారు దాని రాతిపని సొంపును వర్ణింతురు. మేము మాత్రము ఆ విద్యాలయమున చెల్లిన బోధనభాషనుగూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దీనిని స్థాపించెను. నాడు దేశమున పైచదువు సామాన్యముగా ఆంగ్లముననే సాగుచుండగా, ఇచట ఉరుదూ బోధనభాష యయ్యెను. ఆంగ్లము తప్పనిసరి పాఠ్యముగా నుండెను. ఇందులకై 1917లోనే అనువాదశాఖ నేర్పరచి, గణితము, రసాయనశాస్త్రము, చరిత్ర మొదలగు గ్రంథములను ఉరుదూలోనికి తెచ్చిరి. లేని పారిభాషిక పదములను పండితులు కల్పించిరి. వైద్యమును సైత మా భాషలోనే నేర్పిరి. దేశభాషలకు శాస్త్రమును మోయు శక్తి లేదనువారి కిదియే ప్రత్యుత్తరము.

అయినను ఆ రాజ్యమున తెలుగు మాటాడువారే యెక్కువ. మరాఠీ, కన్నడము వారును కలరు. వారి బిడ్డలకు ఉరుదూ ఇంటిభాష కాదు. ఒకరి తల్లిభాష వేరొకరికి పరభాషయే కదా! 1948లో నిజాము పాలన ముగిసిన పిమ్మట బోధన ఆంగ్లమునకు మారెను. 1924లో నారంభమైన స్త్రీల కళాశాల 1949లో కోఠీయందలి పూర్వపు రెసిడెన్సీ భవనమునకు చేరి, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. తెలుగున ఉన్నతవిద్యా గ్రంథములకై 1968లో తెలుగు అకాడమి వెలసినది.

మేము ఇంటనే కావ్యములు చదివినవారము. పిల్లవాడు శాస్త్రపుస్తకము తెరచినప్పుడు “ఇదేమిరా?” యని యడిగితిమి. “నీకు తెలియదులే, అమ్మా!” యని వాడు పుట త్రిప్పెను. ఆ మాట మా మనస్సున ముల్లువలె నాటినది. ఆంగ్లము వలదని మా వాదము కాదు. బ్రతుకుతెరువునకు అదియు వలసినదే. కాని తల్లికి చెప్పరాని చదువు బిడ్డకు మాత్రము పూర్తిగా వచ్చినదనుట యెట్లు?

కావున రాత్రి భోజనములైన పిదప ఆనాటి పాఠము నొకదానిని పిల్లలచే తెలుగున చెప్పించుకొని విందము. మన కొక క్రొత్త విషయము తెలియును. వారికి పాఠము ఎంతవరకు పట్టుబడినదో వారికే తెలియును. అనువాదశాఖ పండితులు చేసిన పనిని, కొంచెముగానైనను, మన వంటయింటి గడపకడ మనమును చేయవచ్చును.