మామిడి అంట్లకు ఉత్తర, హస్త కార్తెలే అదను

తొలకరి పడగానే నర్సరీకి పోయి అంట్లు తెచ్చి నాటడం మనలో చాలామందికి అలవాటు. ఆ తర్వాత ఒక్కోసారి నెల రోజులు చినుకు ఉండదు. పడమటి గాలి రేయింబవళ్లు వీస్తుంది. ఆకులు మాడి అంటు ఎండిపోతుంది. అప్పు చేసి తెచ్చిన మొక్కా పాయె, గుంత తవ్విన కూలీ పాయె! అనంతపురం ప్రాంతంలో బోరు లేని మెట్ట రైతులు కొంచెం ఓపిక పట్టి ఉత్తర, హస్త కార్తెల్లో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు 10 లోపు నాటుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

ఈ అదను ఎందుకు మంచిది?

మన దగ్గర ఏడాదికి సగటున పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అందులో అన్ని నెలలకన్నా ఎక్కువ సెప్టెంబరులోనే పడుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలూ కొంత తోడవుతాయి. గాలి ఉధృతి తగ్గుతుంది కనుక ఆకుల నుంచి నీరు తక్కువగా ఆవిరవుతుంది. నేల తడిగా, వెచ్చగా ఉండి వేరు త్వరగా పట్టుకుంటుంది. శెనక్కాయ కలుపులు అయిపోయి, పెరకడానికి ఇంకా టైముంటుంది కాబట్టి ఇంటి మనుషులతోనే పని జరిగిపోతుంది.

నాటే విధానం

ఎకరాకు 10 మీటర్ల ఎడంతో 40 మొక్కలు పడతాయి. గుంత మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని మరో పక్క వేసుకోండి. పైమట్టిలో రెండు మూడు గంపల చివికిన పశువుల ఎరువు, ఒక కిలో సూపర్ ఫాస్ఫేటు, కొంచెం వేపపిండి కలిపి గుంత నింపండి. పచ్చి ఎరువు వేస్తే చెదలు పడతాయి, జాగ్రత్త.

వాన పడి మట్టి కుదురుకున్నాక సాయంత్రం పూట నాటండి. ప్లాస్టిక్ కవరును బ్లేడుతో కోసి తీసేయండి, మట్టిగడ్డ మాత్రం చెదరకూడదు. అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండాలి. దాని కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. ఊతకర్ర కట్టండి. వాలు ఉన్న చేలో మొక్కకు దిగువ వైపున అర్ధచంద్రాకారంగా కట్ట వేస్తే పారే నీరు అక్కడే ఇంకుతుంది. నల్లరేగడిలో మాత్రం మొదట్లో నీరు నిలవనివ్వకండి, వేరు కుళ్లుతుంది.

అసలు పరీక్ష వేసవి

ఈ అదనులో నాటిన మొక్కకు వేసవి వచ్చేలోపు ఐదారు నెలలే గడువు. అందుకే హస్త దాటితే ఆ ఏడాదికి మానుకోవడమే మేలు. నీటి వసతి ఉన్నవాళ్లు జూన్, జూలైలోనే నాటుకుంటే మొక్క వేసవికి మరింత ఎదుగుతుంది.

వాన లేని రోజుల్లో వారానికోసారి మొక్కకు రెండు బిందెల నీళ్లు పోసి, పాదులో ఎండుగడ్డి, ఆకులు పరచండి. నలభై మొక్కలంటే వారానికి ఎనభై బిందెలు! అంత నీరు మోయగలమా అని ముందే లెక్క వేసుకోండి. మోయలేకపోతే ఈ ఏడు ఇరవై, వచ్చే ఏడు ఇరవై నాటండి. నాటి ఎండబెట్టుకున్న నలభై కన్నా బతికించుకున్న ఇరవై మేలు కదా!