రాజమండ్రి నుంచి ఎంత దూరం, ఎంతసేపు?

రాజమండ్రి శివారు మధురపూడి విమానాశ్రయం నుంచి ఢిల్లీకి గాలిలో దూరం సుమారు 1,360 కిలోమీటర్లు. విజయవాడ, నాగపూర్, భోపాల్ చుట్టి వెళ్లే రైలుకు అదే ప్రయాణం 1,900 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది.

ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం ఎత్తుకు చేరాక గంటకు దాదాపు 830 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన గంటా నలభై నిమిషాల్లో ఢిల్లీ రావాలి. టికెట్టు మీద మాత్రం రెండు గంటల పైనే ఉంటుంది. ఇక్కడ విమానం కదిలింది మొదలు అక్కడ ఆగేదాకా పట్టే సమయమంతా అందులో లెక్కే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వేగం తక్కువ. ఢిల్లీ మీద దిగడానికి వరస కట్టాలి. దిగాక నిలిచే చోటికి నేల మీద నడవడానికే మరికొన్ని నిమిషాలు. ఆలస్యమనే చెడ్డపేరు రాకుండా విమాన సంస్థలు కాస్త సమయం ముందే కలుపుకోవడం కూడా మామూలే.

2024 డిసెంబరుకు ముందు ఈ లెక్క వేరు. పాత రన్‌వే 1,750 మీటర్లే కావడంతో ఏటీఆర్ వంటి చిన్న పంకాల విమానాలే దిగేవి. దాన్ని 3,165 మీటర్లకు పెంచిన కొన్నేళ్లకు గానీ ముంబైకి, ఢిల్లీకి నేరుగా సర్వీసులు రాలేదు. అంతదాకా మధ్యలో విమానం మారక తప్పేది కాదు. హైదరాబాద్ 360 కిలోమీటర్లే అయినా, గంటకు 500 కిలోమీటర్ల ఏటీఆర్‌లో గంటకు పైనే పడుతుంది. ఆ పైన తర్వాతి విమానం కోసం పడిగాపులు.

దూరం ఒకటే అయినా పోయేటప్పటి సమయం, వచ్చేటప్పటి సమయం ఒకటి కావు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు పనికి వెళ్లేవారికి ఇది అనుభవమే. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లడానికి నాలుగు గంటలైతే రావడానికి మూడున్నర. శీతాకాలంలో ఎత్తున పడమటి నుంచి బలంగా వీచే గాలి వెళ్లేవారికి ఎదురు, వచ్చేవారికి తోడు. వానాకాలంలో దక్షిణ భారతం మీద పైగాలి తూర్పు నుంచి వీస్తుంది కనుక ఆ తేడా తగ్గుతుంది. దీనికి తోడు గడియారం గారడీ ఒకటి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఉదయం పదికి హైదరాబాద్‌లో బయల్దేరినవారు అక్కడి టైము పన్నెండున్నరకే దిగుతారు. అక్కడ పదింటికి బయల్దేరితే ఇక్కడ దిగేసరికి మధ్యాహ్నం మూడు.

అమెరికా దారి ఇంకా విచిత్రం. గోడ మీద పటంలో డాలస్ పడమటి దిక్కున కనిపిస్తుంది. గ్లోబు మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కు దారం బిగించి పట్టుకుంటే అది ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది! ఆ దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్‌లో విమానం మారి వెళితే 15,400 దాటుతుంది. చుట్టు వెయ్యి కిలోమీటర్లే, అంటే విమానానికి గంటా పావు పని. దుబాయ్ నుంచి డాలస్‌కే ఏకబిగిన దాదాపు పదహారు గంటలు. అమలాపురం వారికైతే మధురపూడికి కారు ప్రయాణం, హైదరాబాద్‌లో, దుబాయ్‌లో నిరీక్షణ కలిసి ఒక పగలూ రాత్రీ దాటిపోతాయి.