గుర్తు తెలియని వాహనం ఢీకొంటే బీమా వస్తుందా?

"గుర్తు తెలియని వాహనం ఢీకొని..." జిల్లా పేజీలో ఈ మాట తరచూ చదువుతుంటాం. పామర్రు-గుడివాడ రోడ్డు మీదో, బందరు నుంచి అవనిగడ్డ వైపు వెళ్లే 216వ జాతీయ రహదారి మీదో, తెల్లవారుజాము మంచులో ఏదో లారీ బైకును తగిలి ఆగకుండా పోతుంది. నంబరు ఎవరూ చూడరు. బండే దొరకనప్పుడు బీమా ఎక్కడిదని చాలామంది ఊరుకుంటారు. నిజానికి దారులు ఉన్నాయి. బండి నష్టానికి ఒకటి, మనిషి నష్టానికి మరొకటి.

ముందు బండి సంగతి. మీది థర్డ్ పార్టీ పాలసీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే వర్తించేది) అయితే మరమ్మతు ఖర్చు రాదు. ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) కూడా ఉంటే, ఢీకొట్టింది ఎవరో తెలియకపోయినా పాలసీ షరతుల మేరకు క్లెయిమ్ చేసుకోవచ్చు.

ఇక్కడే ఒక అపోహ ఉంది. బీమా కంపెనీ విచారణ చేస్తుందంటే పారిపోయిన లారీని వెతుకుతుందని కాదు. అది పోలీసుల పని. కంపెనీ చూసేది వేరు. ప్రమాదం చెప్పినచోటే జరిగిందా? నడిపిన మనిషికి లైసెన్సు ఉందా? ఈ సొట్ట ఇప్పటిదా, పాతదా? ఈ ప్రశ్నలకు ఆధారాలు మన దగ్గరే ఉండాలి.

అందుకే వీలైతే బండిని కదపకముందే ఫొటోలు తీయాలి. అదేరోజు కంపెనీకి తెలిపి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. దారిలో ఉన్న పెట్రోలు బంకు, రైసుమిల్లు సీసీ కెమెరాల దృశ్యాలు కొద్దిరోజులకే చెరిగిపోతాయి. వాటిని సేకరించమని పోలీసులకు వెంటనే రాసివ్వాలి. సర్వేయర్ (నష్టం లెక్కగట్టే లైసెన్సుదారు) చూడకముందే మెకానిక్ చేత బండి విప్పించకూడదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో గడువులు పెట్టింది. సర్వే అవసరమైతే 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. కంపెనీ కదలకపోతే దాని ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాయాలి. అక్కడా న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (ఫీజు లేకుండా వివాదం పరిష్కరించే అధికారి) ఉన్నారు.

ఇక మనిషి సంగతి. బండి యజమానే నడుపుతుంటే, పాలసీతో తీసుకున్న 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూసుకోవాలి. అది మరణానికి, శాశ్వత వైకల్యానికి వర్తిస్తుంది.

పాదచారికైనా, సైకిలు మీద పోయే కూలీకైనా మరో దారి ఉంది. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త పథకం అమల్లో ఉంది. మరణిస్తే 2 లక్షలు, ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే 50 వేల రూపాయలు. అంతకుముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. దరఖాస్తు బీమా ఆఫీసులో కాదు, రెవెన్యూ ఆఫీసులో ఇవ్వాలి. ఆర్డీఓ లేదా తహసీల్దారు స్థాయి విచారణాధికారి నెలలో కలెక్టరుకు నివేదిక పంపాలి. కలెక్టరు మంజూరు చేశాక, జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ (సాధారణ బీమా కంపెనీల మండలి) డబ్బును బ్యాంకు ఖాతాలో వేస్తుంది.

తర్వాత లారీ దొరికితే? ప్రమాద క్లెయిముల ట్రైబ్యునల్‌లో పూర్తి పరిహారం అడగవచ్చు. అక్కడ డబ్బు వస్తే పథకం కింద తీసుకున్నది సర్దుబాటు అవుతుంది.

అన్నిటికీ మూలం తొలిరోజు కాగితాలే. ఆసుపత్రిలో హడావుడిలో "బండి మీంచి పడ్డాడు" అని చెప్పేస్తారు. రిజిస్టరులో అదే ఎక్కుతుంది. ఆ తర్వాత లారీ తగిలిందంటే సందేహం మొదలవుతుంది. గుర్తు తెలియని వాహనం ఢీకొట్టిందన్న సంగతి ఆసుపత్రి రికార్డులో, ఎఫ్‌ఐఆర్‌లో (పోలీసుల తొలి సమాచార నివేదిక), క్లెయిమ్ ఫారంలో ఒకేలా ఉండాలి. పులిగడ్డ-పెనుమూడి వారధి మీద ప్రమాదం జరిగితే ఇటు కృష్ణా జిల్లా, అటు బాపట్ల జిల్లా. మా పరిధి కాదని పోలీసులంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా నమోదు చేసేది) అడగవచ్చు.

2022లో దేశంలో 67,387 హిట్ అండ్ రన్ (ఢీకొట్టి పారిపోయిన) ప్రమాదాలు నమోదయ్యాయి. 2022-23లో 161వ సెక్షన్ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205. ఈ తేడా చూసే సుప్రీంకోర్టు 2024 జనవరిలో పోలీసులకు ఒక బాధ్యత అప్పగించింది. నెలలోగా వాహనం ఆచూకీ దొరక్కపోతే, ఈ పథకం గురించి స్టేషన్ అధికారి బాధితులకు రాతపూర్వకంగా తెలపాలి. నెల దాటినా ఆ కాగితం రాకపోతే, స్టేషనుకు వెళ్లి దాన్ని అడిగి తీసుకోండి.