ఎవరెస్ట్ ఏ దేశానిది?

నేపాల్‌దా, చైనాదా? ఇద్దరిదీ! సరిహద్దు గీత 8,848.86 మీటర్ల ఆ శిఖరం మీదుగానే పోతుంది. ఎందుకంటారా? అంత ఎత్తున కంచె ఎవరు వేస్తారు! అందుకే నీళ్లు రెండుగా చీలే చోటే హద్దు. పెంకుటింటి కొప్పు మీద పడ్డ వాన సగం వాకిట్లోకి, సగం పెరట్లోకి జారినట్టన్నమాట.

దక్షిణాన పడ్డ మంచు గట్టిపడి, ఖుంబు హిమానీనదంగా, అంటే మెల్లగా జారే మంచునదిగా, నేపాల్‌లోకి దిగి కరుగుతుంది. ఉత్తరాన పడ్డది రోంగ్‌బుక్ హిమానీనదంగా చైనా వైపున్న టిబెట్‌లోకి పోతుంది. అసలు తమాషా ఇక్కడుంది: ఆ నీళ్లు అరుణ్ నదిలో కలిసి, హిమాలయాలను కోసుకుంటూ మళ్లీ నేపాల్‌కే వచ్చేస్తాయి! కొండలు లేవకముందే నది అక్కడుందని, అవి లేస్తున్నకొద్దీ కోస్తూ పోయిందని చాలామంది శాస్త్రవేత్తల మాట. రెండు వైపుల నీళ్లూ కోసీ నదిలో చేరి, బీహార్‌లో గంగలో కలుస్తాయి.