మూత్రంలో రక్తం.. ‘వేడి’ అని వదిలేయొద్దు

కంకిపాడు: మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందని బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లతో సరిపెట్టుకోవడం పల్లెల్లో పరిపాటి. నొప్పి లేదు కదా అని నెలల తరబడి ఉపేక్షించేవారూ ఉన్నారు. అయితే నొప్పి లేకుండా రక్తం పడటమే మూత్రాశయ క్యాన్సర్‌కు తొలి హెచ్చరిక కావచ్చు. ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల్లో ఈ క్యాన్సర్‌కు ఒక పరాన్నజీవి కూడా కారణమవుతోంది. ఉపాధి కోసం అక్కడికి వెళ్లి వచ్చేవారు దీని గురించి తెలుసుకోవడం అవసరం.

నత్త నుంచి మనిషికి..

షిస్టోసోమా హెమటోబియం అనే ఈ పురుగును 1851లో కైరోలో జర్మన్ వైద్యుడు థియోడర్ బిల్హార్జ్ గుర్తించారు. రోగి మూత్రంతో మంచినీటిలో చేరిన గుడ్లు పొదిగి, ఆ పిల్లలు నత్తల్లో పెరుగుతాయి. నత్తల నుంచి వెలువడిన లార్వాలు నీటిలో దిగినవారి చర్మం గుండా ప్రవేశిస్తాయి. పెద్ద పురుగులు మూత్రాశయం చుట్టూ ఉన్న సిరల్లో నివసిస్తూ గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు మూత్రాశయం గోడల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి వాపు కలిగిస్తాయి. అదే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో ఈ పురుగును క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

మన కాలువల్లో ఉందా?

కృష్ణా డెల్టా కాలువల్లో ఈ వ్యాధి లేదు. దేశంలో మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో 1952లో దీనిని గుర్తించారు. మన పశువులకు గురక వ్యాధి కలిగించేది ఇదే జాతికి చెందిన మరో పురుగు. దాని లార్వాల వల్ల పొలంలో దిగినవారి కాళ్లకు దురద, దద్దుర్లు రావచ్చు గానీ క్యాన్సర్ రాదు. ఇక్కడ మూత్రాశయ క్యాన్సర్‌కు ప్రధాన కారణం చుట్ట, బీడీ, సిగరెట్లే.

చికిత్స ఇలా..

పురుగు సోకినట్లు మూత్ర పరీక్షలో తేలితే ప్రాజిక్వాంటెల్ మాత్రలు ఇస్తారు. కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల చొప్పున మోతాదు ఉంటుంది. ఇవి పురుగును చంపుతాయే తప్ప క్యాన్సర్‌ను తగ్గించవు. సిస్టోస్కోపీతో మూత్రాశయం లోపల చూసి, ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్‌ను నిర్ధారిస్తారు. పొగాకు వల్ల వచ్చే రకం పై పొరకే పరిమితమైతే మూత్రమార్గం ద్వారా గడ్డను తొలగించి, అవసరాన్ని బట్టి బీసీజీ మందును మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. కండరంలోకి పాకినప్పుడు, పురుగు వల్ల వచ్చిన క్యాన్సర్‌లో ఎక్కువగా మూత్రాశయాన్నే తొలగించాల్సి వస్తుంది.

రక్తం ఒక్కసారి కనిపించి ఆగిపోయినా యూరాలజీ వైద్యుణ్ని కలవాలి. విదేశాల్లో ఉండి వచ్చినవారు అక్కడి చెరువులు, కాలువల్లో దిగి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. పొగాకు అలవాటునూ దాచకూడదు.