విత్తనం నుండి న్యాయస్థానం వరకు – వినియోగదారుల భద్రతా చట్టాల కథ



మన వేటపాలెం హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాయమని కబురు వచ్చినప్పుడు ఏ విషయం మీద రాయాలా అని చాలాసేపు ఆలోచించాము. మా ఇంట్లో డిగ్రీ చదవడం మాతోనే మొదలు. చదువుకున్నందుకు మన ఇళ్ళకు పనికొచ్చే విషయం ఒక్కటైనా చెప్పాలి కదా అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా మా ఇంటి సంగతి చెబుతాము. మేము ఈ హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ఏడాది మా నాన్న పర్చూరు వైపు నల్లరేగడిలో రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అన్నీ ఒకే కొట్టులో ఖాతా మీద తెచ్చాడు. చెట్టు ఏపుగానే పెరిగింది. కాపు మాత్రం రాలేదు. కొన్ని చెట్లకు పొడుగు కాయ, కొన్నిటికి బుడ్డ కాయ, చాలా చెట్లకు అసలు కాయే లేదు. కొట్టుకు వెళ్ళి అడిగితే "బిల్లు ఏదీ? పాకెట్టు ఏదీ?" అన్నారు. కొన్న రోజు బిల్లు అడిగితే "ఖాతాలో రాశాంగా, బిల్లు దేనికి?" అన్నది కూడా వాళ్ళే. ఖాళీ పాకెట్లను నారు పోసిన రోజే గట్టు మీద పడేశారు. ఆ సంక్రాంతి సెలవులకు మేము ఇంటికి వెళ్ళేసరికి తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ వేరేవాళ్ళ చేలో కూలికి మిరపకాయలు కోయడానికి వెళ్ళారు.

మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి సంవత్సరం ఒకటి ఉండే ఉంటుంది. అది మన తలరాత అనుకుని ఊరుకున్నాము. కానీ దానికి చట్టం ఉందనీ, ఆ చట్టానికి పెద్ద చరిత్రే ఉందనీ పి.జి.కి వచ్చాకగానీ మాకు తెలియలేదు.

ముందు నష్టం, తర్వాత చట్టం

అమ్మిన వస్తువు వల్ల కొన్నవాడికి హాని జరగకూడదు. ఇది చాలా చిన్న మాట. కానీ దీన్ని చట్టంగా రాయడానికి ప్రపంచంలో ఏ దేశానికైనా చాలా కాలం పట్టింది. ప్రతి చట్టం వెనుకా ఎవరో ఒకరి ఇంట్లో జరిగిన నష్టం ఉంది.

అమెరికానే తీసుకోండి. తేలిగ్గా నిప్పంటుకునే బట్టల వల్ల పిల్లలు కాలిపోయిన తర్వాత 1953లో అక్కడ మండే బట్టల చట్టం వచ్చింది. ఆడుకుంటూ పాత ఫ్రిజ్‌లలో దాక్కున్న పిల్లలు తలుపు తెరుచుకోక ఊపిరాడక చనిపోతుంటే, లోపలి నుంచి కూడా తలుపు తెరుచుకోవాలని 1956లో ఇంకో చట్టం చేశారు. 1962 మార్చి 15న అధ్యక్షుడు కెనడీ తమ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారునికి నాలుగు హక్కులు ఉన్నాయన్నాడు. అవి భద్రత, సమాచారం, ఎంపిక, తన మాట వినిపించుకునే హక్కు. అందుకే మార్చి 15ను ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా జరుపుతారు. ఒక్కో వస్తువుకు ఒక్కో చట్టం చేస్తూ పోతే అంతు ఉండదని గ్రహించి, 1972లో వినియోగ వస్తువుల భద్రతా చట్టం చేసి, దాని అమలుకు ఒక కమిషన్‌ను ఏర్పాటు చేశారు. ప్రమాదకరమైన వస్తువును బజారు నుంచి వెనక్కి తెప్పించే అధికారం ఆ కమిషన్‌కు ఇచ్చారు.

మన దేశంలోనూ ఇదే వరస

మనమూ ఒక్కో వస్తువుతోనే మొదలుపెట్టాము. మందులకు 1940లో, ఆహార కల్తీకి 1954లో చట్టాలు వచ్చాయి. ఇస్త్రీ పెట్టె మీద, స్విచ్చు బోర్డు మీద మనం చూసే ఐ.ఎస్.ఐ. గుర్తుకు మూలం 1952 నాటి చట్టం.

పురుగుమందుల చట్టం వెనుక ఒక విషాదం ఉంది. 1958లో పారథియాన్ అనే పురుగుమందు రవాణాలో ఆహార పదార్థాలలో కలిసి కేరళ, మద్రాసు రాష్ట్రాలలో వందమందికి పైగా చనిపోయారు. దాని మీద విచారణ జరిగింది. పదేళ్ళ తర్వాత, 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. పురుగుమందు డబ్బా మీద కోణం పైకి తిప్పి పెట్టిన చతురస్రం ఒకటి మీరు చూసే ఉంటారు. దాని కింది సగంలో ఉండే రంగు ఆ చట్టం కింద చేసిన నిబంధనల వల్ల వచ్చినదే. ఎరుపు ఉంటే అత్యంత విషం. తర్వాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువు రాకపోయినా రంగు చూసి జాగ్రత్తపడాలని ఆ ఏర్పాటు. కానీ ఆ రంగుకు అర్థం ఏమిటో మన ఇళ్ళల్లో ఎంతమందికి తెలుసు?

ఇక విత్తనాల చట్టం. అది 1966లో వచ్చింది. ప్రభుత్వం నోటిఫై చేసిన రకాల విత్తనాలకు కనీస మొలక శాతం, స్వచ్ఛత ఉండాలనీ, అవి పాకెట్టు మీద రాయాలనీ ఆ చట్టం చెప్పింది. మిరపకు కనీస మొలక శాతం 60. చట్టాన్ని మీరితే శిక్ష ఏమిటో తెలుసా? మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా. మళ్ళీ చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా కూడా ప్రభుత్వానికే పోతుంది. పంట పోయిన రైతుకు పరిహారం ఇవ్వాలనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. దాన్ని మార్చడానికి 2004లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాకుండానే పోయింది.

1986 – కొన్నవాడికి ఒక కోర్టు

1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఆ రోజును జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. జిల్లా ఫోరం, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అని మూడు మెట్లు ఏర్పడ్డాయి. పాత చట్టాలు తప్పు చేసినవాడిని శిక్షించడం గురించి చెబితే, ఈ చట్టం నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించడం గురించి చెప్పింది. పెద్ద తేడా ఇదే.

మరుసటి ఏడాదే, 1987-88లో, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ వల్ల పత్తి పంట నాశనమై ఎందరో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మన పెద్దలు ఆ సంవత్సరం గురించి ఇప్పటికీ చెబుతారు. అయితే రైతు వినియోగదారుడేనా అనే ప్రశ్న అప్పటికి తేలలేదు. వ్యాపారం కోసం కొనేవాడు వినియోగదారుడు కాడని చట్టంలో ఉంది. పంటను అమ్ముకుంటాడు కాబట్టి రైతు వ్యాపారేనని కంపెనీలు వాదించేవి. స్వయం ఉపాధితో బతుకు తెరువు కోసం మాత్రమే కొనేవాడు వ్యాపారి కిందకు రాడని 1993లో సవరణ చేసి స్పష్టం చేశారు.

మన రైతులు గెలిచిన కేసు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొందరు రైతులు ప్రభుత్వ రంగ సంస్థ అయిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర విత్తనాలు కొన్నారు. పంట దెబ్బతిన్నది. వాళ్ళు గుంటూరు, కర్నూలు, మహబూబ్‌నగర్, ఖమ్మం, కాకినాడ వినియోగదారుల ఫోరాలకు వెళ్ళి గెలిచారు. కార్పొరేషన్ అప్పీళ్ళు వేసుకుంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

అక్కడ కార్పొరేషన్ చేసిన వాదనలు చూడండి. విత్తనాలకు వేరే చట్టం ఉంది కాబట్టి ఇది వినియోగదారుల ఫోరం పని కాదు అన్నది ఒకటి. రైతు వ్యాపారం కోసం కొన్నాడు కాబట్టి వినియోగదారుడు కాడు అన్నది రెండోది. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. వస్తువులో లోపం ఉందంటే దాని నమూనాను లాబొరేటరీకి పంపి పరీక్ష చేయించాలని చట్టంలో ఉంది, ఆ పరీక్ష జరగలేదు కాబట్టి కేసు నిలవదు అని.

న్యాయమూర్తులు జి.ఎస్. సింఘ్వీ, ఎస్.జె. ముఖోపాధ్యాయలు 2012 జనవరి 16న తీర్పు చెప్పారు. విత్తనాల చట్టంలో పరిహారమే లేదు కాబట్టి రైతు వినియోగదారుల ఫోరానికి రావచ్చునన్నారు. బతుకు తెరువు కోసం సేద్యం చేసే రైతు వినియోగదారుడేనన్నారు. ఇక నమూనా సంగతి. కొన్న విత్తనమంతా రైతు చేలో చల్లేస్తాడు. ఎప్పుడో కోర్టుకు వెళ్ళాల్సి వస్తుందని ఊహించి కొంత దాచిపెట్టమని అతన్ని అడగలేమన్నారు. చేను చూసిన నిపుణుల నివేదికలు ఆ కేసులో సాక్ష్యంగా నిలిచాయి.

ఈ భాగం చదివిన రోజు మా నాన్న గట్టు మీద పడేసిన పాకెట్లే గుర్తొచ్చాయి. విత్తనమంతా చల్లెయ్యడం రైతు తప్పు కాదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ తీర్పు వచ్చిన కొన్నేళ్ళకే మా పంట పోయింది. తీర్పు ఉంది, మాకే తెలియలేదు.

2019 చట్టంలో కొత్తగా వచ్చినవి

1986 చట్టం స్థానంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చింది. లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత వహించాలని ఇందులో ఒక అధ్యాయమే పెట్టారు. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తెప్పించే అధికారంతో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. అమెరికాలో 1972లో వచ్చిన ఆలోచన మన దేశంలో అన్ని వస్తువులకూ కలిపి రావడానికి ఇంతకాలం పట్టింది. ఇవి కాక మనవాళ్ళకు పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి.

1. బిల్లు ఇవ్వకపోవడం ఇప్పుడు అనుచిత వ్యాపార పద్ధతి. అంటే బిల్లు అడగడం మన హక్కు.

2. కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

3. నష్టం జరిగిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి.

4. వినియోగదారుడు ఎవరో చెప్పే నిర్వచనంలో భూమి ఎవరిదనే మాట లేదు. కొన్నది ఎవరన్నదే ముఖ్యం. కాబట్టి పాసుపుస్తకం లేని కౌలు రైతు కూడా వినియోగదారుడే.

5. సలహా కోసం 1915 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మనం చేయవలసింది

చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం ఇంటికి నడిచి రాదు. రుజువు లేకపోతే ఏ కమిషనూ ఏమీ చేయలేదు. కాబట్టి విత్తనం కొన్నప్పుడు బిల్లు తీసుకోవాలి. దాని మీద కంపెనీ పేరు, రకం, లాట్ నంబరు ఉన్నాయో లేదో చూడాలి. ఖాళీ పాకెట్లు దాచాలి. పంట తేడాగా కనిపిస్తే చేను దున్నకముందే వ్యవసాయ అధికారికి గానీ, మిరప వంటి పంటలకు ఉద్యాన అధికారికి గానీ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, చేను చూసి నివేదిక ఇమ్మని అడగాలి. ఫోటోలు తీసి పెట్టుకోవాలి.

ఈ పనులు మన అమ్మానాన్నలకు కష్టం. మనకు కష్టం కాదు. పాకెట్టు మీద అక్షరాలు చదవడానికి పి.జి. అక్కర్లేదు, ఏడో తరగతి చాలు. మన ఊళ్ళోనే 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఆదివారం పూట అక్కడికి వెళ్ళి ఇలాంటి విషయాలు చదవడం అలవాటు చేసుకోండి. మేము చదువుకునే రోజుల్లో అక్కడ సినిమా పేజీ దాటి లోపలికి వెళ్ళలేదని ఇప్పుడు బాధపడుతున్నాము.

మా నాన్న పోగొట్టుకున్న పంటకు రెండేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది. దాని గురించి ఇక చేసేదేమీ లేదు. కానీ కిందటేడు ఆయన విత్తనాలు కొనడానికి వెళ్ళినప్పుడు మేమూ వెంట వెళ్ళాము. కొట్టులో బిల్లు రాయడానికి కాస్త సణిగారు గానీ రాసిచ్చారు. ఆ బిల్లు, నారు పోసిన తర్వాత మిగిలిన ఖాళీ పాకెట్లు ఒక కవరులో చుట్టి, ఈ హాస్టల్‌కు మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చుకున్న ట్రంకు పెట్టెలో పెట్టాము. ఆ ఏడాది పంట బాగానే పండింది, వాటితో అవసరం పడలేదు. అయినా మా నాన్న వాటిని పారేయనివ్వలేదు.

ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీరూ మీ ఇంట్లో ఈ పని చేస్తారని ఆశిస్తూ,

మీ
పూర్వ విద్యార్థి