పడతామన్న భయమే పడేస్తుంది

పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషితో పొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా అందరూ అనే మాట ఒకటే: 'నువ్వు లేయొద్దు జేజినాయనా, పడతావు.' ప్రేమతోనే అంటాం. కానీ రోజంతా మంచానికే అతుక్కుంటే కాళ్లలో బలం పోతుంది, బ్యాలెన్స్ తప్పుతుంది. అప్పుడు నిజంగానే పడతారు. దాంతో భయం ఇంకా పెరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఇన్ఫినిట్ లూప్ అంటే ఇదే.

ఈ భయాన్ని కొలవొచ్చు కూడా. ఎఫ్ఈఎస్-ఐ అనే ప్రశ్నావళిలో 16 ప్రశ్నలుంటాయి. స్నానం చేసేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, జారే నేల మీద నడిచేటప్పుడు పడతానని ఎంత దిగులు? ఒక్కోదానికి 1 నుంచి 4 మార్కులు. 4 ఎక్కడొస్తే పని అక్కడ మొదలుపెట్టాలి.

మన ఇళ్లలో ముందు చూడాల్సింది కింద పరిచిన బండల్ని. నున్నటి కడప బండ మీద చెంబుడు నీళ్లు ఒలికితే మామూలోళ్లే జారతారు. బాత్రూంలో పట్టుకోడానికి గోడకు రాడ్ బిగించండి, రాత్రిపూట దారిలో లైటు ఉంచండి. గడపలు సరేసరి, ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు!

తర్వాత ప్రాక్టీస్. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఎన్నిసార్లో ఫిజియోథెరపిస్ట్ చెబుతారు. తోడున్నవాళ్లు బలం లేని వైపు నిలబడి నడుము దగ్గర పట్టుకోవాలి. ఆ చెయ్యి పట్టి లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. పడితే ఎలా లేవాలో కూడా వాళ్ల దగ్గరే నేర్పించండి. చాలామంది అడగని పాఠం ఇదే.

పడినప్పుడు తలకు దెబ్బ తగిలితే మాత్రం, అందులోనూ రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే, పైకి బాగానే ఉన్నా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి.